సముద్రం చూపిస్తామన్నారు, తేదీలే ఇవ్వడం లేదు

టైమ్‌షేర్, అంటే ముందే డబ్బు కట్టి ఏటా కొన్ని రాత్రులు రిసార్టుల్లో ఉండే సభ్యత్వం గురించి హనుమకొండ నుంచి ఒక టీచరమ్మ రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. నాలుగు పేజీల్లో ముఖ్యమైన సంగతులు ఇవి.

ఆమె జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతారు. భర్తకు పరకాలలో విత్తనాలు, ఎరువుల దుకాణం. అమ్మాయి పదో తరగతి, బాబు ఏడు. అత్తగారు వీళ్ల దగ్గరే ఉంటారు. మూడేళ్ల కిందట ఒక షాపింగ్ మాల్లో లక్కీ డ్రా కూపన్ నింపారు. వారం తిరక్కుండానే ఫోన్: మీకు బహుమతి తగిలింది, భార్యాభర్తలిద్దరూ కలిసి వచ్చి తీసుకోవాలి. వెళ్తే హోటల్ హాల్లో మూడు గంటలు కూర్చోబెట్టారు. తెర మీద అండమాన్, మాల్దీవులు, బాలి. 'ఏడాదికి ఏడు రాత్రులు, పాతికేళ్లు మీవే. ఎప్పుడు కావాలంటే అప్పుడు, ఏ దీవి కావాలంటే ఆ దీవి. ఈ రేటు మాత్రం ఈ ఒక్కరోజే.' పెళ్లైన కొత్తలో విశాఖలో ఒక్కసారి చూడటమే తప్ప ఆమె మళ్లీ సముద్రం చూడలేదు. ఆయన ఆమె మొహం వంక చూసి సంతకం పెట్టేశారు. 4,20,000 రూపాయలు. కొంత అప్పుడే కట్టి, మిగతాది వాయిదాల్లో తీర్చారు. అదికాక ఏటా నిర్వహణ రుసుము 18,000, దాని మీద జీఎస్టీ.

ఈ మూడేళ్లలో అండమాన్ అడిగిన ప్రతిసారీ 'ఆ తేదీల్లో ఖాళీ లేదు' అనే జవాబే. ఒక ఏడాది వారం మురిగిపోయింది. ఒక ఏడాది ఆ వారం వాడుకుని ఆడబిడ్డ వాళ్లు ఊటీ వెళ్లొచ్చారు. ఒక్కసారి మాత్రం వీళ్లే నాలుగు రాత్రులు కూర్గ్‌లో ఉన్నారు, బాగానే ఉందట. ఇప్పుడు కంపెనీ నుంచి మళ్లీ ఫోన్లు: మీది నడిమి సీజన్ సభ్యత్వం (రద్దీ ఒక మోస్తరుగా ఉండే వారాలకే), ఇంకో 1,80,000 కడితే పై సీజన్‌కు మారుస్తాం, విదేశీ దీవుల మార్పిడి కూడా వస్తుంది. ఆయన కట్టేద్దామంటున్నారు. ఈమె వద్దంటే 'నీ కోసమే కదా తీసుకున్నా' అని రెండు రోజులు మాట్లాడరట. అత్తగారేమో 'ఆ పైసలు బ్యాంకులో వేస్తే పిల్ల పెళ్లికి అక్కరకొచ్చేవి' అని కొడుకు ముందే అంటారు. 'ఉంచుకోవాలా, పెంచుకోవాలా, వదిలించుకోవాలా? ఏది చేసినా ఆయన మనసు నొప్పించకుండా ఎట్లా?' అని అడిగారు.

చెల్లెమ్మా, ముందు ఒక మాట. మీ ఆయన చేసింది తెలివితక్కువ పని అనుకోకండి. ఆ హాల్లో జరిగేదంతా మనిషి ఇంటికి పోయి ఆలోచించుకునే వీలు లేకుండా అల్లిన వ్యవహారం. ఇద్దరూ రావాలనడం, గంటలకొద్దీ కూర్చోబెట్టడం, రేటు ఈ రోజుకే అనడం, అన్నీ అందుకే. ఇద్దరూ ఎదురుగా ఉంటే 'మా ఆవిడను అడిగి చెబుతా' అని లేచిపోయే దారి ఉండదు. భార్య కళ్లలో ఆశ కనిపించినప్పుడు, పదిమంది ముందు 'మనవల్ల కాదు' అనడం ఏ భర్తకైనా కష్టమే. ఆయన ప్రేమను తప్పు పట్టకుండానే ఆ కాగితాన్ని తప్పు పట్టొచ్చు. ఈ రెంటినీ విడదీయడమే మీ ఇంట్లో ఇప్పుడు జరగాల్సిన పని.

ఇక లెక్క. మీరు లెక్కల టీచరు కాబట్టి నేను మొదలుపెడతాను, సరిచూసుకోండి. కట్టేసిన 4,20,000 మీరు బాధపడినా రాదు, పడకపోయినా రాదు. ఇప్పటి నిర్ణయంలో దాన్ని పక్కన పెట్టండి. 'అంత పోశాం, ఇప్పుడు వదిలేస్తామా' అన్న ఆలోచనే మిమ్మల్ని ఇంకో 1,80,000 వైపు లాగుతోంది. ఇకమీదట జేబులోంచి పోయేది ఏటా 18,000, జీఎస్టీ 18 శాతం కలిపితే 21,240. ఏడు రాత్రులూ వాడుకుంటే రాత్రికి 3,034 రూపాయలు పడుతుంది. నలుగురు పట్టే, వంటగది ఉన్న గదికి ఇది అన్యాయమైన రేటేమీ కాదు. కానీ రెండేళ్లకొకసారే వాడుకుని, మధ్య ఏడాది మురిగిపోతే రాత్రికి 6,068. ఆ డబ్బుకు నచ్చిన ఊళ్లో, నచ్చిన రోజున, ఎవరి అనుమతీ లేకుండా మంచి హోటల్ గది దొరుకుతుంది. అంటే ఏటా కనీసం అయిదారు రాత్రులు వాడతామన్న నమ్మకం ఉంటేనే దాన్ని ఉంచుకోవడంలో అర్థం ఉంది. మీ ఒప్పందంలో మురిగిపోయే రాత్రులను మరుసటి ఏడాదికి తీసుకెళ్లే వీలుందా, ఎన్నేళ్ల వరకు ఉంది అన్నది వెతకండి. మీ ఉత్తరంలో ఆ సంగతి లేదు. దాన్ని బట్టి ఈ లెక్క చాలా మారుతుంది.

ఆ లక్షా ఎనభై వేల సంగతీ ఇదే పద్ధతిలో చూడండి. ఏడు శాతం వడ్డీ అనుకుంటే ఏడాదికి 12,600 వచ్చే డబ్బు అది. ప్రతి రాత్రి మీద మరో 1,800 చేరుతుంది. పై సీజన్‌కు మారితే నిర్వహణ రుసుము కూడా పెరుగుతుందా అని అడిగారా? అడగకుండా మాత్రం ఒక్క రూపాయి ఇవ్వకండి.

అసలు చిక్కు డబ్బులో కంటే మీ ఇంటి క్యాలెండర్‌లో ఉందని నాకనిపిస్తోంది. ఈ టైమ్‌షేర్ పద్ధతి 1960ల్లో ఫ్రాన్స్‌లోని ఆల్ప్స్ కొండల్లో మొదలైనప్పుడు ఏటా అదే వారం, అదే చోటు. మంచులో స్కీయింగ్‌కు ఏటా వచ్చే కుటుంబాలకు అది సరిపోయింది. తర్వాత వారం మార్చుకోవచ్చు, చోటు మార్చుకోవచ్చు, పాయింట్లు పోగేసుకోవచ్చు అంటూ వెసులుబాట్లు చేరాయి. ఆ వెసులుబాటు నిజమే. కాకపోతే అది తేదీల పట్టింపు లేనివాళ్లకు అక్కరకొస్తుంది. రిటైరైన దంపతులకు, బడి వయసు పిల్లలు లేనివాళ్లకు, నవంబర్ మధ్యలో మంగళవారం పూట బయల్దేరగలిగేవాళ్లకు బాగా పనికొస్తుంది. అలాంటివాళ్లు తృప్తిగా వాడుకోవడం నాకు తెలుసు.

మీ ఇల్లు చూడండి. మీవారి దుకాణం జూన్ నుంచి వానాకాలం సాగుతో కిటకిటలాడుతుంది, అక్టోబర్ దాటితే యాసంగి. ఉద్దెర పైసలు చేతికొచ్చేది పత్తి అమ్ముడుపోయాక, ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి చేరాక. దసరా సెలవులున్నాయి గానీ సద్దుల బతుకమ్మ నాడు ఇల్లొదిలి పోతానంటే మీ అత్తగారు కాదు, మీ మనసే ఒప్పుకోదు. సంక్రాంతికి ఏడు రాత్రులు సరిపడా సెలవులుండవు. ఇక మిగిలింది ఎండాకాలం. మన రాష్ట్రంలో బడులకు ఈమధ్య ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 వరకు సెలవులిస్తున్నారు. మీకు పరీక్ష పేపర్లు దిద్దే స్పాట్ వాల్యుయేషన్ డ్యూటీ పడితే అది ఎప్పటికి అయిపోతుందో ముందే చూసుకోండి. దేశంలో బడిపిల్లలున్న ప్రతి కుటుంబం బయల్దేరేదీ అప్పుడే. అందుకే ఆ వారాలు మామూలుగా పై సీజన్‌లో ఉంటాయి. మీది నడిమి సీజన్. అంటే మీకు కుదిరే రోజులు మీ సభ్యత్వంలో లేవు, సభ్యత్వంలో ఉన్న రోజులు మీకు కుదరవు. ఈ ముక్క సంతకం పెట్టే ముందు చెప్పాల్సింది. చెప్పలేదంటే ఆ తప్పు వాళ్లది.

దీనికి సముద్రం క్యాలెండర్ కూడా కలపాలి. నైరుతి రుతుపవనాలు కేరళకంటే ముందు తాకేది అండమాన్‌నే, మే నెల మూడో వారం ప్రాంతంలో. అప్పట్నుంచి సెప్టెంబర్ దాకా సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది, దీవుల మధ్య పడవలు ఆగిపోతుంటాయి. అక్టోబర్, నవంబర్లలో బంగాళాఖాతంలో తుపాన్ల భయం. నీళ్లు తేటగా, తిరగడానికి హాయిగా ఉండేది డిసెంబర్ నుంచి మే మొదటి వారం దాకా. మీ సెలవులూ, మంచి వాతావరణమూ కలిసే చోటు ఏప్రిల్ చివరి వారం, మే మొదటి వారం, అంతే. పాతికేళ్లకు డబ్బు కట్టినా మీరు అడిగేది ఏటా ఆ రెండు వారాలే. మిగతా సభ్యులు అడిగేదీ అవే.

అండమాన్ విషయంలో మరో సంగతి ఆ హాల్లో ఎవరూ చెప్పి ఉండరు. అది ఒక్క రిసార్ట్‌లో ఏడు రాత్రులు కూర్చునే చోటు కాదు. 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చిన పోర్ట్ బ్లెయిర్‌లో విమానం దిగుతారు. సెల్యులార్ జైలు అక్కడే. రాధానగర్ బీచ్ చూడాలంటే పడవెక్కి స్వరాజ్ ద్వీప్‌కు పోవాలి, మనం ఇంకా హావ్‌లాక్ అనే పిలుస్తాం. ప్రైవేటు పడవైతే గంటన్నర, రెండు గంటలు పడుతుంది. అక్కణ్నుంచి షహీద్ ద్వీప్ ఇంకో పడవ. రెండు రాత్రులు అక్కడ, రెండు ఇక్కడ, ఒకటి ఇంకోచోట అన్నట్టుగా సాగే ప్రయాణం అది. సభ్యత్వంలో ఒక్క దీవిలో గది దొరికినా మిగతా రాత్రులకు వేరే గదులు మీరే చూసుకోవాలి. ఖర్చులో పెద్ద వాటా గదిది కూడా కాదు. శంషాబాద్ నుంచి మనిషి మనిషికీ విమాన టికెట్లు, పడవ టికెట్లు, భోజనాలు, ఆటోలు, ఇవన్నీ సభ్యత్వం ఉన్నా లేకున్నా మీ జేబులోంచే. అయిదుగురు బయల్దేరితే విమానానికే ఎంతవుతుందో ఒక్కసారి చూసుకోండి. ఓడలో చౌకే, విశాఖ నుంచీ చెన్నై నుంచీ ఉన్నాయి. కానీ ఒకవైపే మూడు రోజులు పడుతుంది, అత్తగారిని వెంటబెట్టుకుని ఓడెక్కమని నేను చెప్పలేను. లక్షద్వీప్ అంటారా, దానికి ముందే ప్రవేశ అనుమతి తీసుకోవాలి, దారి కొచ్చి మీదుగా. మొదటి ప్రయాణానికి అండమానే తేలిక.

విదేశీ దీవుల మార్పిడి గురించి. ప్రపంచంలో ఇలాంటి మార్పిడి సంస్థలు కొన్ని ఉన్నాయి, 1974లో అమెరికాలో మొదలైన ఆర్‌సీఐ వాటిలో పెద్దది. మీ వారాన్ని వాళ్ల దగ్గర జమ చేస్తే, అంతే విలువున్న ఇంకొకరి వారాన్ని మీరు తీసుకోవచ్చు. ఆ 'అంతే విలువ' దగ్గరే చాలామంది ఆగిపోతారు. మీరు జమ చేసేది ఏ సీజన్, ఏ రిసార్ట్, ఎంత ముందుగా జమ చేశారు అన్నదాన్ని బట్టి దాని బలం ఉంటుంది. వానాకాలంలో కొండ మీది గది ఇచ్చి క్రిస్మస్ వారంలో బాలి అడిగితే రాదు. ప్రతి మార్పిడికీ వేరే రుసుము ఉంటుంది. మాల్దీవుల్లాంటి చోట గది దొరికినా విమానాశ్రయం నుంచి ఆ దీవికి స్పీడ్ బోటో, నీటి మీద వాలే విమానమో ఎక్కాలి. దాని డబ్బులు వేరు. మనిషికి రోజుకు ఇంతని పర్యావరణ పన్ను కూడా ఉంది, 2025 జనవరి నుంచి పెద్ద రిసార్టుల్లో అది 12 డాలర్లు. చుట్టూ నీళ్లే కాబట్టి భోజనం వాళ్లు చెప్పిన రేటుకే. పాస్‌పోర్టులు ఇప్పటిదాకా తీసుకోని కుటుంబం ఈ మార్పిడి కోసమని 1,80,000 పెట్టడం నాకైతే సబబనిపించడం లేదు. అయినా మీవారికి ఆ కోరిక గట్టిగా ఉంటే ఒక పని చేయండి. కంపెనీకి మెయిల్ పెట్టి అడగండి: వచ్చే మే మొదటి వారంలో, నలుగురికి, అండమాన్‌లో ఫలానా దీవిలో గది ఖాయం చేసి చూపించండి, ఆ తర్వాత డబ్బు కడతాం. ఫోన్లో తియ్యగా మాట్లాడే మనిషి ఆ మెయిల్‌కు ఏం జవాబిస్తాడో మీవారే చదవనివ్వండి. కాగితం మీద రాయని హామీని లేనట్టే లెక్కపెట్టుకోండి.

ఇక మీ ముందున్న దారులు. ఉంచుకుని తెలివిగా వాడుకోవడం ఒకటి. సభ్యత్వాన్ని సముద్రం కోసం కాకుండా కొండల కోసం వాడండి. కూర్గ్ బాగుందన్నారు కదా. మీ నడిమి సీజన్‌లో రెండో శనివారానికి పక్కన పండుగ సెలవు కలిసిన చోట మూడేసి రాత్రులుగా విడగొట్టుకునే వీలుందేమో చూడండి. బుకింగ్ ఎన్ని నెలల ముందు తెరుస్తారో కనుక్కుని, తత్కాల్ టికెట్‌కు కాచుక్కూర్చున్నట్టు తెరిచిన రోజే, తెరిచిన గంటకే కూర్చోవాలి. ఎక్కువ గదులు అప్పుడే అయిపోతాయి. ఇంత ఓపిక మీ ఇద్దరిలో ఎవరికుంది? ఎవరికీ లేకపోతే ఈ దారి వద్దు. ఆడబిడ్డ వాళ్లకు ఇచ్చినా తప్పులేదు గానీ, ఆ ఏడాది రుసుము వాళ్లు కట్టాలని ముందే, నవ్వుతూనే, తేల్చి చెప్పండి. లేకపోతే రేపు అది ఇంకో మనస్పర్థ అవుతుంది.

వదులుకోవడం ఇంకో దారి. ఒప్పందంలో రద్దు గురించి రాసిన పేరా వెతకండి. చాలా కంపెనీలు సంతకం పెట్టిన కొద్దిరోజుల్లో రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కిస్తామని రాస్తాయి. మీకు ఆ గడువు ఎప్పుడో దాటింది. ఇప్పుడు వదులుకుంటే వాడిన ఏళ్లు, ఇతర కోతలు పోగా ఎంతిస్తారో రాతపూర్వకంగా అడగండి. తక్కువే వస్తుంది, సున్నా కూడా కావచ్చు. ఇంకొకరి పేరు మీదికి మార్చే వీలుంటే దానికీ రుసుము ఉంటుంది. రుసుము కట్టడం మానేసి ఊరుకుందామంటే, మామూలుగా బుకింగ్ ఆపేస్తారు, బకాయి మీద వడ్డీ వేస్తారు. వాయిదాల అప్పు పూర్తిగా తీరిందని, ఇంకేమీ బాకీ లేదని కాగితం తీసుకున్నారా? లేకపోతే ముందు అది తెచ్చుకోండి. అప్పు బాకీ మిగిలితే సిబిల్ స్కోరు దెబ్బతింటుంది, మీవారి దుకాణానికి బ్యాంకు అప్పు కావాల్సిన రోజున అది అడ్డం పడుతుంది.

మూడోది ఫిర్యాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా మీరు ఉండే చోటే, అంటే మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. మీరు చెల్లించిన మొత్తం అయిదు లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. అయితే కారణం పుట్టిన రెండేళ్లలోపు వేయాలి. మీరు సంతకం పెట్టి మూడేళ్లయింది, బుకింగ్ నిరాకరించింది మాత్రం ఈమధ్య కూడా. ఆ నిరాకరించిన తేదీలను చూపించి గడువు వాదన ఎలా నిలబెట్టాలో వకీలును అడగండి. సేవాలోపం, తప్పుదారి పట్టించే అమ్మకం అని జిల్లా కమిషన్‌లో వాదించవచ్చు. ఒప్పందమే అన్యాయమైనదని సవాలు చేయాలంటే రాష్ట్ర కమిషన్‌కు పోవాలి. కేసుకు ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబర్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి. చాలాసార్లు అది వెళ్లాకే కంపెనీ బేరానికి వస్తుంది. ఇదంతా నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది, సాక్ష్యం లేకుండా నడవదు. ఎప్పుడు ఏ తేదీలు అడిగారు, ఏం జవాబొచ్చింది, మెయిళ్లు, మెసేజ్‌లు, రసీదులు అన్నీ తేదీల వారీగా ఒక ఫైల్లో పెట్టండి. ఫోన్లో అడగడం ఇవాళ్టి నుంచే మానేయండి.

ఒక ప్రమాదం గురించి గట్టిగా చెప్పాలి. 'మీ సభ్యత్వాన్ని మేం అమ్మిపెడతాం, కొనేవాళ్లు సిద్ధంగా ఉన్నారు, ముందు జీఎస్టీకో, ఎన్‌ఓసీకో ఇంత పంపండి' అని ఫోన్లొస్తాయి. మీ పేరు, సభ్యత్వం నంబరు కూడా సరిగ్గా చెబుతారు. పైసా పంపకండి, ఓటీపీ చెప్పకండి. ఉన్నది వదిలించుకోవాలన్న ఆరాటంలో ఉన్నవాళ్లే వాళ్లకు దొరికిపోతారు.

ఇక మీవారితో మాట. అత్తగారి ముందు వద్దు. తల్లి ముందు ఓడిపోయినట్టు కనిపించడమే ఆయనకు నొప్పి. ఆ రెండు రోజుల మౌనం మీ మీద కోపం కాదేమో, తన మీద తనకే ఉన్న కోపం కావచ్చు. దుకాణం పని సద్దుమణిగిన ఒక ఆదివారం ఇద్దరే కూర్చోండి. 'మోసపోయాం' అనకండి, 'నేనప్పుడే అనుకున్నా' అని అసలే అనకండి. మీరు కూడా ఆ కుర్చీలోనే పక్కన కూర్చుని ఉన్నారు కదా. 'నాకు సముద్రం చూపించాలని నువ్వు అనుకున్నావు, నాకది చాలా ఇష్టమైంది. ఇప్పుడు దానికి దగ్గర దారి వెతుకుదాం' అని మొదలుపెట్టి, పైన చెప్పిన లెక్క ఆయన చేతే వేయించండి. రోజూ ఎరువుల బస్తాల లెక్క చూసే మనిషి, అంకెలు ఎదురుగా ఉంటే తేలిగ్గానే ఒప్పుకుంటారు. అత్తగారి మాటకు మీరు జవాబివ్వొద్దు. ఆయనే 'ఇంక దాంట్లో పైసలు పెట్టం అమ్మా' అంటే ఆమె ఊరుకుంటారు.

నా మొగ్గు ఎటో దాచను. ఆ 1,80,000 కట్టొద్దు. సభ్యత్వాన్ని ఇంకో ఏడాది ఉంచి కొండలకు వాడి చూడండి, అయిదారు రాత్రులైనా వాడలేకపోతే వదిలేసే కాగితం పెట్టండి. అండమాన్‌ను మాత్రం దానితో ముడిపెట్టకండి. మీ అమ్మాయి పది పరీక్షలు రాసేసింది అనగానే రెండేళ్లు ఇంటర్, దాని వెనకే ఈఏపీసెట్. అందరూ కలిసి వెళ్లగలిగే ఎండాకాలం ఇదొక్కటే. ఏప్రిల్ 25 తర్వాత బయల్దేరి మే మొదటి వారంలో తిరిగొచ్చేలా అయిదు రాత్రులకు టికెట్లు చూడండి. విమానం రేట్లు సంక్రాంతి దాటాక చూస్తే ఆలస్యమే, ఇప్పుడే మొదలుపెట్టండి. పడవల కారణంగా చివరి రాత్రి తప్పకుండా శ్రీ విజయపురంలోనే ఉండేలా వేసుకోండి. గాలి ఎక్కువై పడవ ఆగితే విమానం తప్పిపోతుంది. అత్తగారికి పడవ పడదనుకుంటే ఆమెను ఆడబిడ్డ ఇంట్లో ఉంచే సంగతి కూడా ఇప్పుడే మాట్లాడుకోండి. మీ వారం వాడుకుని ఊటీ వెళ్లొచ్చినవాళ్లు ఈ మాత్రం కాదనరు.